పియానోకి ఓ ఇల్లు కావాలి: న్యూ ఆర్లీన్స్‌లో బ్లూస్ పాఠం

‘సోల్’ సినిమా చూశారా? పిక్సార్ వాళ్లది, 2020 డిసెంబరులో వచ్చింది. హీరో జో పియానో ముందు కూర్చుని కళ్లు మూసుకోగానే చుట్టూ ఉన్న లోకమంతా మాయమైపోతుంది. ఆ సీన్లలో మనకి వినిపించే జాజ్ పియానో జాన్ బటీస్ట్ వాయించింది. యానిమేటర్లు ఆయన చేతుల్ని చూసే జో వేళ్లు గీశారు. కథ జరిగేది న్యూయార్క్‌లో. ఆ వేళ్లు మాత్రం లూయిసియానావి. బటీస్ట్ పెరిగింది న్యూ ఆర్లీన్స్‌కి దగ్గర్లో ఉన్న కెనర్‌లో.

నేను హ్యూస్టన్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. రెండేళ్లుగా ఆఫీసు పనయ్యాక డిజిటల్ పియానో ముందు కూర్చుంటున్నాను. యాప్‌లో రంగు గీతలు పైనుంచి పడుతుంటాయి, అవి ఎక్కడ తగిలితే అక్కడ వేలు పెట్టాలి. అలా ఓ పది బ్లూస్ ముక్కలు ఉన్నవి ఉన్నట్టు వచ్చేశాయి. కానీ ఎవరైనా ‘సరే బ్రో, ఇప్పుడు నీ సొంతంగా రెండు నిమిషాలు వాయించు’ అన్నారనుకోండి, చేతులు అక్కడే ఆగిపోతాయి. కచేరీలో కీర్తన పూర్తయ్యాక స్వరకల్పన అందుకోవాల్సిన చోట గాయకుడు మంచినీళ్లు తాగుతూ ఉండిపోయినట్టు! బ్లూస్‌లో, జాజ్‌లో అసలు ఆట మొదలయ్యేదే అక్కడ.

అందుకే నవంబరులో ఓ లాంగ్ వీకెండ్ చూసుకుని బయల్దేరాను. ఐ-10 హైవే పట్టుకుని తూర్పుకి దాదాపు 350 మైళ్లు, ఐదున్నర ఆరు గంటలు. దారిలో అచాఫలాయా చిత్తడి మీద 18 మైళ్ల వంతెన వస్తుంది. రెండు పక్కలా నీళ్లలోనే నిలబడ్డ సైప్రస్ చెట్లు.

న్యూ ఆర్లీన్స్ అనగానే అందరికీ ట్రంపెట్, ట్రోంబోన్, వీధి ఊరేగింపులే గుర్తొస్తాయి. ట్రంపెట్‌ని భుజాన వేసుకుని ఎక్కడికైనా పోవచ్చు. పియానోని అలా మోసుకుపోలేం. దానికి కప్పు కావాలి, గోడలు కావాలి, ఓ ముందు గది కావాలి. ఈ ఊళ్లో పియానో వాయించడం ఎలా పుట్టింది, ఎలా చేతులు మారింది, ఇప్పుడు దేనికి భయపడుతోంది అని చూస్తూ పోతే అంతా ఇళ్ల కథే.

ముందు దరువు

ఫ్రెంచ్ క్వార్టర్ దాటి రాంపార్ట్ స్ట్రీట్ అవతలికి వెళ్తే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కు. లోపల ఓ పక్క రాళ్లు పరిచిన మైదానం, చుట్టూ పెద్ద పెద్ద ఓక్ చెట్లు. అదే కాంగో స్క్వేర్. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లకి ఈ ఊళ్లో ఆదివారం పని నుంచి కాస్త తెరిపి ఉండేది. ఆ పూట ఇక్కడ చేరి సరుకులు అమ్ముకునేవాళ్లు, డప్పులు వాయించేవాళ్లు, గుండ్రంగా చేరి ఆడేవాళ్లు. వాళ్లు ఒక్క చోటే గుమిగూడాలని 1817లో నగర పాలకులు ఆర్డినెన్స్ తెచ్చారు. ఆ చోటు ఇదే. అమెరికాలో చాలాచోట్ల బానిసల డప్పుల్ని నిషేధించిన కాలం అది. ఇక్కడ మాత్రం వారానికి ఒక్క పూటైనా దరువు బతికింది. దానికి తోడు 1809 ప్రాంతంలో హైతీ నుంచి పారిపోయినవాళ్లు వేల సంఖ్యలో క్యూబా మీదుగా ఈ రేవులో దిగారు. వాళ్ల దరువు వాళ్లు తెచ్చారు.

ఆ దరువు ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక్క నిమిషం ఫోన్ టేబుల్ మీద పెట్టండి. ‘తకిట తకిట తక’ అంటూ, ప్రతి ముక్క మొదటి అక్షరం మీద వేలితో కొట్టండి. మూడు, మూడు, రెండు. మొత్తం ఎనిమిది. పాదంతో మాత్రం సమంగా నాలుగు దెబ్బలు వేస్తూ ఉండండి. పాదం ఒకచోట, వేలు ఇంకోచోట పడుతున్నాయి కదా? ఆ చిన్న లాగుడే ఈ ఊరి సంగీతానికి ప్రాణం. క్యూబా నుంచి బ్రెజిల్ దాకా ఎన్నో పాటల్లో వినిపించే లెక్కే ఇది. మనకేమో మృదంగం క్లాసులో మొదటి నెలలోనే దొరికే ముక్క!

ఈ లెక్కని పియానో ఎడమ చేతిలోకి ఎక్కించిన తొలి తరంలో గట్టిగా వినిపించే పేరు జెల్లీ రోల్ మోర్టన్. 1890 ప్రాంతంలో ఈ ఊళ్లోనే పుట్టాడు. 1938లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం ఆలన్ లొమాక్స్ ఆయన్ని పియానో ముందు కూర్చోబెట్టి గంటల తరబడి రికార్డ్ చేశాడు. ఆ స్పానిష్ రంగు పడకపోతే జాజ్‌కి సరైన మసాలా తగలదన్నది అందులో ఆయన చెప్పిన మాట. మాటతో వదల్లేదు, వాయించి చూపించాడు.

మోర్టన్ కుర్రాడిగా ఉన్నప్పుడు వాయించింది స్టోరీవిల్‌లో. వ్యభిచార గృహాలన్నీ ఒకే పేటలో ఉండాలని 1897లో ఊరి పెద్దలు గిరిగీసిన చోటది. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, నేవీ ఒత్తిడితో మూతపడింది. ఆ ఇళ్లలో బ్యాండుకి చోటుండదు. హాల్లో ఓ పియానో, దాని ముందు ఓ మనిషి. బ్యాండు మొత్తం అతనే. ఆ వాయిద్యగాళ్లని ‘ప్రొఫెసర్’ అని పిలిచేవాళ్లు. రాత్రంతా వాయించాలి, వచ్చినవాళ్ల మూడ్‌ని బట్టి పాటని సాగదియ్యాలి, మార్చాలి, ఆపాలి. అప్పటికప్పుడు అల్లడం వాళ్లకి కళ కంటే ముందు ఉద్యోగం. మన పద్యనాటకాల్లో హార్మోనిస్టు గుర్తున్నాడా? నటుడు రాగం ఎంత లాగితే అంత వెనకే వెళ్లాలి, వన్స్‌మోర్ అంటే మళ్లీ అందుకోవాలి. అచ్చంగా అదే డ్యూటీ.

పన్నెండు గదుల ఇల్లు

బ్లూస్ గురించి ఏమీ తెలియనివాళ్ల కోసం దాని చట్రం ఇక్కడే చెప్పేస్తాను. తర్వాత ఏ క్లబ్బులో కూర్చున్నా ఇది పనికొస్తుంది.

మామూలు బ్లూస్ పాట ఓ చుట్టు పన్నెండు బార్లు. బార్‌కి నాలుగు దెబ్బలు. మొత్తం 48, అంటే ఆది తాళంలో సరిగ్గా ఆరు ఆవర్తనాలు. ఎడమ చేతికి మూడే మూడు మకాములు. సి అనే మెట్టుని షడ్జమం అనుకుంటే ఆ మూడూ స, మ, ప. మొదటి నాలుగు బార్లు ‘స’ మీద. తర్వాత రెండు ‘మ’ మీద, రెండు మళ్లీ ‘స’ మీద. ఆపైన ‘ప’ ఒకటి, ‘మ’ ఒకటి, చివరి రెండు బార్లకి ‘స’ అనే సొంతింటికి రావడం. అంతే. మళ్లీ మొదటినుంచి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ ఫిక్స్, ఇంప్లిమెంటేషన్ మీ ఇష్టం.

కుడి చేతికి స్వరాలు కావాలి కదా. స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశిక నిషాదం. ఎక్కడో విన్నట్టుందా? శుద్ధ ధన్యాసి రాగానికి ఉన్న స్వరాలు ఇవే. దీనికి మధ్యలో ప్రతి మధ్యమం ఓ చిటికెడు కలిపితే పుస్తకాల్లో ‘బ్లూస్ స్కేల్’ అని రాసేది వచ్చేస్తుంది. స్వరాలు ఒకటే అయినా రెండూ ఒక్కలా వినిపించవు. శుద్ధ ధన్యాసికి కింద తంబూరా ఒక్కచోటే నిలబడి ఉంటుంది. బ్లూస్‌లో కింద నేల కదులుతుంది. అదే గాంధారం ‘స’ మీద ఒకలా, ‘మ’ మీద ఇంకోలా పలుకుతుంది.

ఇంకో తమాషా ఉంది. బ్లూస్ పాడేవాళ్ల గాంధారం సాధారణానికి, అంతరానికి మధ్యలో ఎక్కడో ఊగుతుంది. గొంతుకి, గిటార్ తీగకి అది కుదురుతుంది. పియానోకి? నల్ల మెట్టు, తెల్ల మెట్టు. మధ్యలో ఏమీ లేదు. హార్మోనియంకీ ఇదే గొడవ. గమకం పలకదన్న వాదనతోనే ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా హార్మోనియంని బయట పెట్టింది. బ్లూస్ పియానిస్టులు దీనికో ఉపాయం కనిపెట్టారు. నల్ల మెట్టు మీద వేలు పెట్టి, అది మోగీ మోగకముందే పక్కనున్న తెల్ల మెట్టు మీదకి జార్చేస్తారు. లేదా రెండూ ఒకేసారి నొక్కుతారు. చెవి ఆ రెండిటి మధ్య లేని స్వరాన్ని తనే ఊహించుకుంటుంది.

ముందు గదిలో పాఠం

కాంగో స్క్వేర్ వెనకున్న పేట ట్రెమే. అమెరికాలో నల్లజాతివాళ్ల పాత పేటల్లో ఒకటి. బానిసత్వం రోజుల్లోనే ఇక్కడ స్వేచ్ఛ పొందిన నల్లవాళ్లు సొంతిళ్లు కట్టుకున్నారు. ఈ పేటలో చాలా ఇళ్లని షాట్‌గన్ ఇళ్లంటారు. వరండా, ముందు గది, దాని వెనక గది, ఆ వెనక ఇంకో గది, చివర్లో వంటిల్లు. మధ్యలో నడవా ఉండదు. మన ఊళ్లలో రైలుపెట్టె ఇల్లు అంటామే, అలా. క్లేబోర్న్ అవెన్యూకి వస్తే తలమీద పెద్ద ఫ్లైఓవర్. ఒకప్పుడు అక్కడ వరసగా ఓక్ చెట్లు, వాటి కింద నల్లవాళ్ల దుకాణాలు ఉండేవి. 1966లో చెట్లు కొట్టేసి హైవే లేపారు. పైన బోర్డు చూస్తే ఐ-10. నేను హ్యూస్టన్ నుంచి వచ్చిన రోడ్డే.

మా ఆఫీసులో ఒకాయన చెప్పగా ఆ పేటలో ఓ టీచర్‌తో గంట పాఠం కుదిరింది. డెబ్బై దాటిన ఆవిడ. ‘నా పేరు రాయకు’ అన్నారు కాబట్టి రాయడం లేదు. ఇక్కడ పెద్దావిడల్ని పేరు ముందు ‘మిస్’ చేర్చి పిలుస్తారు, మన ‘అమ్మగారు’ లాగ. వాళ్లేమో ముక్కూముఖం తెలియని వాళ్లని కూడా ‘బేబీ’ అంటారు. ఆ ఊరి అలవాటు అది.

ముందు గదిలో నిలువు పియానో. పైన మనవల ఫొటోలు. నేను ట్యాబ్ తెరిచి స్టాండ్ మీద పెట్టబోయాను.

“అది మూసెయ్ బేబీ. ముందు పాడు.”

“నాకు పాడటం రాదండీ.”

“నిన్ను కచేరీ చెయ్యమనలేదు. నోటితో అనలేనిది వేలితో ఎలా అంటావు?”

మూడే మెట్లు ఇచ్చారు: స, గ, మ. మిగతా 85 ఇవాళ నీవి కావన్నారు. ఆవిడ రెండు బార్లు వాయిస్తారు, తర్వాతి రెండు బార్లు నావి. ఎడమ చేత్తో ఆవిడ కింద మెట్ల మీద నడుస్తూనే ఉన్నారు. రెండు చుట్లు అయ్యాక ఆపేశారు.

“నేను అడిగింది ఒకటి, నువ్వు చెప్పింది ఇంకొకటి. నేను వాయిస్తున్నప్పుడు నువ్వేం చేస్తున్నావు?”

“తర్వాత ఏం వాయించాలా అని ఆలోచిస్తున్నానండీ.”

“వినడం ఎప్పుడు మరి?”

అక్కణ్ణుంచి గంటంతా వినడమే. ఆవిడ ముక్క ఎక్కడ ఆగితే అక్కణ్ణుంచి నేను ఎత్తుకోవాలి. బుర్రకథలో కథకుడికి వంతలు అందుకుంటారు చూడండి, అలా. ఏమీ తోచకపోతే ఖాళీగా వదిలెయ్యాలి, దరువు ఎటూ నడుస్తూనే ఉంటుంది. తర్వాత పన్నెండు బార్ల గుట్టు ఒక్క ముక్కలో చెప్పేశారు. “నాలుగు బార్లలో ఓ మాట చెప్పు. తర్వాతి నాలుగులో అదే మాట మళ్లీ చెప్పు. ఆఖరి నాలుగులో దానికి జవాబు చెప్పు.” పాత బ్లూస్ పాటల సాహిత్యం చాలావరకు ఇదే పద్ధతిలో ఉంటుంది. ఒక పంక్తి, అదే పంక్తి మళ్లీ, ఆపైన ముగింపు. రెండోసారి మాట అదే అయినా కింద నేల ‘మ’కి మారుతుంది. అందుకే విసుగనిపించదు.

నలభయ్యో నిమిషంలో ఆ మూడు మెట్ల మీద నా నోటినుంచి వచ్చిందే వేలినుంచి కూడా వచ్చింది. ఐదారు స్వరాల ముక్క, అంతే. ఏ వీడియోలోదీ కాదు. ఆవిడ తలూపి, “ఇప్పుడు నువ్వు మాట్లాడుతున్నావు” అన్నారు.

పాఠం అయ్యాక కాఫీ ఇచ్చారు. ఈ ఊరి కాఫీలో చికోరీ కలుపుతారు. మన ఫిల్టర్ కాఫీ వాసనే. తాగుతూ ఆ పియానో సంగతి అడిగాను. ఇది రెండోదట. మొదటిది వాళ్లమ్మది. 2005 ఆగస్టు 29న కత్రీనా తుపాను వచ్చి వరద గట్లు తెగినప్పుడు ఊళ్లో దాదాపు 80 శాతం నీటమునిగింది. వారాలపాటు నీళ్లలో నానిన పియానోలో చెక్క ఉబ్బిపోయింది, జిగురు వదిలేసింది, మెట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఎత్తబోతే చేతుల్లో విడిపోయిందట. “ట్రంపెట్ ఉన్నవాళ్లు పట్టుకుని పరిగెత్తారు. నేను దీన్ని ఎత్తుకుని ఎటు పరిగెత్తను?” అన్నారు.

వరద పోయి ఇరవై ఏళ్లయింది. ఇప్పుడు బెంగ వేరే. ఇంటి ఇన్సూరెన్స్ ప్రీమియం ఏటికేడు పెరుగుతోంది. రెండు పక్కలా ఇళ్లు టూరిస్టుల అద్దె ఇళ్లయిపోయాయి. ఒకప్పుడు ఆ ఇళ్లలో పిల్లలు సాయంత్రం వచ్చి ఈ గదిలో నేలమీద కూర్చునేవాళ్లు. ఇప్పుడు శుక్రవారం రాత్రి సూట్‌కేసు చక్రాల చప్పుడు, సోమవారం పొద్దున మళ్లీ అదే చప్పుడు. అట్లాంటాలో ఉన్న కూతురు వచ్చెయ్యమంటోంది. ఆవిడ ఇంకా ఏదీ తేల్చుకోలేదు. సంగీతం స్కూళ్లు ఈ ఊళ్లో బాగానే ఉన్నాయి. కానీ వీధిలో పోయే పిల్లాడు శబ్దం విని లోపలికి తొంగిచూసే ముందు గదిని ఏ స్కూలూ కట్టివ్వలేదు.

చేతినుంచి చేతికి

ఆ మధ్యాహ్నం సెయింట్ చార్లెస్ స్ట్రీట్‌కార్ ఎక్కాను. ఆకుపచ్చ రంగు ట్రామ్, టికెట్ 1.25 డాలర్లు. కిటికీలు ఎత్తి కూర్చుంటే ఓక్ కొమ్మలు దాదాపు చేతికి తగులుతాయి. అప్‌టౌన్‌లో నెపోలియన్ అవెన్యూ దగ్గర దిగి నది వైపు ఓ మైలు నడిస్తే టిపిటీనాస్. లోపలికి అడుగుపెట్టగానే ప్రొఫెసర్ లాంగ్‌హెయిర్ విగ్రహం. అసలు పేరు హెన్రీ రోలండ్ బర్డ్, 1918లో పుట్టాడు. చిన్నప్పుడు బోర్బన్ స్ట్రీట్‌లో చిల్లర కోసం టాప్ డాన్స్ చేసేవాడు. తర్వాత ఆ కాళ్ల దరువంతా చేతుల్లోకి వచ్చింది. ఎడమ చేత్తో రుంబా, కుడి చేత్తో బ్లూస్, కాలితో పియానో అడుగు పలకని తన్నడం! ఊరేగింపు మొత్తాన్ని ఒక్కడే ఇంట్లో కూర్చుని వాయిస్తున్నట్టుంటుంది. 1953లో రికార్డ్ చేసిన ‘టిపిటీనా’ వినండి, తకిట తకిట తక దొరికిపోతుంది.

1960లు గడిచేసరికి ఆయన్ని ఊరు మర్చిపోయింది. రికార్డుల షాపులో నేల ఊడ్చి బతికాడు. 1971 జాజ్ ఫెస్ట్‌లో మళ్లీ పియానో ముందు కూర్చోబెట్టారు. ఆయన వాయించుకోవడానికి ఓ చోటుండాలని కొందరు అభిమానులు 1977లో ఈ క్లబ్బు పెట్టి, ఆ పాట పేరే పెట్టారు. 1980లో చనిపోయాడు. అంటే ఆ ఇంట్లో వాయించింది సుమారు మూడేళ్లే. కానీ అలెన్ టూసాంట్, డాక్టర్ జాన్ లాంటివాళ్లు ఆ ఎడమ చేతిని పట్టుకుని లోకమంతా తిప్పారు.

స్ట్రీట్‌కార్‌లో ఇంకా ముందుకెళ్తే ఓక్ స్ట్రీట్, అక్కడ మేపుల్ లీఫ్ బార్. జేమ్స్ బుకర్ 1970ల చివర్లో, 80ల మొదట్లో వారం వారం వాయించిన చోటు. ఒక కంటికి నక్షత్రం గుర్తున్న నల్ల గంత. ఆయన రికార్డింగ్ వింటే ముగ్గురు వాయిస్తున్నారని ఒట్టేస్తారు. బాస్, దరువు, రాగం అన్నీ రెండు చేతుల్లోనే. 1983లో 43 ఏళ్లకే పోయాడు, మత్తుమందులు మింగేశాయి. పోయేలోపే ఓ కుర్రాడి పక్కన కూర్చుని పాఠం చెప్పాడు. ఆ కుర్రాడే హ్యారీ కానిక్ జూనియర్. కత్రీనా తర్వాత ఇళ్లు పోయిన సంగీతకారుల కోసం నైన్త్ వార్డ్‌లో ‘మ్యుజీషియన్స్ విలేజ్’ కట్టించడానికి బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్‌తో కలిసి నడుం కట్టింది ఆయనే. 72 ఇళ్లు. మధ్యలో పిల్లలకి సంగీతం నేర్పే సెంటర్, దానికి బ్రాన్‌ఫర్డ్ తండ్రి, పియానిస్టు ఎలిస్ మార్సాలిస్ పేరు. పాఠానికి ముందు ఇల్లు కావాలన్న సంగతి వీళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మునిగిన పియానో

జాక్సన్ స్క్వేర్‌లో చర్చి పక్కనే ప్రెస్‌బిటేర్ మ్యూజియం. కింద అంతస్తులో కత్రీనా ఎగ్జిబిషన్. అక్కడ ఫ్యాట్స్ డామినో ఇంట్లోంచి తీసిన బేబీ గ్రాండ్ పియానో ఉంది. బాగు చెయ్యకుండా, నీళ్లు తీశాక దొరికింది దొరికినట్టే పెట్టారు.

ఫ్యాట్స్‌కి పియానో నేర్పింది వాళ్ల బావ హ్యారిసన్ వెరెట్. అదీ ఇంట్లో పాఠమే. 1949లో రాంపార్ట్, డుమేన్ వీధుల మూల మీద ఓ చిన్న స్టూడియోలో ‘ద ఫ్యాట్ మ్యాన్’ రికార్డ్ చేశాడు. కాంగో స్క్వేర్‌కి ఎదురుగానే ఆ బిల్డింగ్. తర్వాతి రోజుల్లో అది బట్టలుతుక్కునే లాండ్రోమాట్ అయింది, గోడకి ఓ ఫలకం మిగిలింది. కోట్ల రికార్డులు అమ్ముడైనా ఫ్యాట్స్ పుట్టిన లోయర్ నైన్త్ వార్డ్ వదిలి వెళ్లలేదు. కత్రీనా వచ్చినప్పుడూ అక్కడే ఉన్నాడు. పడవలో కాపాడారు. ఆ విషయం బయటికి తెలిసేలోపు పోయాడనే అనుకుని ఎవరో ఇంటి మీద నివాళి రాసి వెళ్లారు. 2017 దాకా బతికాడు.

ఆ పియానో ముందు చాలాసేపు నిలబడ్డాను. దాని చప్పుడు ఎప్పటికీ వినపడదు. ఫ్యాట్స్ కుడి చేతి మూడు దెబ్బల పల్స్ మాత్రం ఈ ఊళ్లో ఏ రాత్రైనా ఏదో ఒక గదిలో వినిపిస్తూనే ఉంటుంది.

నా పన్నెండు బార్లు

ఆదివారం సాయంత్రం ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్. చిన్న బార్‌లో ఓపెన్ జామ్. పేరు రాసిస్తే పిలుస్తారు. బాస్, డ్రమ్స్, శాక్సోఫోన్ వాళ్లు ఉన్నారు, మధ్యలో పాత పియానో. “ఏం వాయిస్తావు?” అంటే “సి లో బ్లూస్, నెమ్మదిగా” అన్నాను. డ్రమ్మర్ నాలుగు లెక్కపెట్టాడు.

మొదటి రెండు చుట్లు ఎడమ చేయి మాత్రమే. శాక్సోఫోన్ ఆయన సోలో పూర్తిచేస్తూ నావైపు చూశాడు. ఆయన ఆఖరి ముక్క మధ్యమం మీద ఆగింది. అక్కడే ఎత్తుకున్నాను. నాలుగు బార్లు ఓ మాట. నాలుగు బార్లు అదే మాట. జవాబు దగ్గర రెండు బార్లు ఖాళీ వదిలేస్తే డ్రమ్మర్ దాన్ని నింపాడు, చివరి రెండు బార్లలో ‘స’కి దిగాను. మూడు మెట్లే. ఎవరూ లేచి చప్పట్లు కొట్టలేదు, బార్‌లో మాటలూ ఆగలేదు. బాస్ ఆయన మాత్రం ఓ చిరునవ్వు నవ్వి “ఇంకో చుట్టు” అన్నాడు. రెండేళ్లలో నాకు దొరికిన గొప్ప సర్టిఫికెట్ అదే.

మీరూ వెళ్లాలంటే

హ్యూస్టన్ నుంచైతే కారు సుఖం. చికాగో నుంచి ‘సిటీ ఆఫ్ న్యూ ఆర్లీన్స్’ అనే ఆమ్‌ట్రాక్ రైలు ఉంది. మెంఫిస్, మిసిసిపీ మీదుగా వస్తుంది, బ్లూస్ పుట్టిన నేలంతా కిటికీలోంచి చూడొచ్చు. ఎండలు, తుపాన్ల కాలం తప్పించుకోవాలంటే డిసెంబరు నుంచి మార్చి దాకా మంచిది. మార్డీగ్రా, జాజ్ ఫెస్ట్ రోజుల్లో రూమ్ రేట్లు కొండెక్కుతాయి. జాజ్ ఫెస్ట్ ఏప్రిల్ చివర, మే మొదట్లో వస్తుంది.

బార్లలో చాలావాటికి 21 ఏళ్లు నిండాలి, ఐడీ జేబులో ఉంచుకోండి. పిల్లలతో వెళ్తే సెయింట్ పీటర్ స్ట్రీట్‌లో ప్రిజర్వేషన్ హాల్ బెస్ట్. 1961 నుంచి నడుస్తోంది, అన్ని వయసులవాళ్లనీ రానిస్తారు. చాలా ఏళ్లు అక్కడ పియానో వాయించిన స్వీట్ ఎమ్మా బ్యారెట్‌కి 1967లో పక్షవాతం వచ్చి ఎడమ చేయి పడిపోయింది. ఆ తర్వాత కూడా కుడి చేత్తోనే వాయించింది. మీకు రెండు చేతులున్నాయి, గుర్తు పెట్టుకోండి.

శాకాహారులు రెడ్ బీన్స్ అండ్ రైస్ చూసి రాజ్మా చావల్ అనుకునేరు, మామూలుగా అందులో సాసేజ్ వేస్తారు. అడిగి తినండి. బెన్యేలు కూడా అడిగే తినండి. నల్ల డ్రెస్ వేసుకోకండి, పైన చల్లే పంచదార పొడి అంతా మీద పడుతుంది.

క్లబ్బుల్లో బకెట్ తిరుగుతుంది. చాలాచోట్ల ఎంట్రీ టికెట్ ఉండదు, వాయించేవాళ్లకి దక్కేది చాలావరకు ఆ బకెట్టే. వీడియో తీస్తే ఐదు డాలర్లు వెయ్యండి, తియ్యకపోతే పది వెయ్యండి. వీలైతే ఎవరింట్లోనైనా ఓ గంట పాఠం అడగండి. ముందు గదులు ఇంకా ఉన్నాయి, వాటి తలుపులు ఇంకా తెరిచే ఉన్నాయి. వెళ్లేముందు ఫోన్‌లో యాప్ మూసేసి స, గ, మ అని ఓ పన్నెండు బార్లు పాడుకోండి చాలు.